పన్ను పోయినను వంచన పోలేదు

పెద్దవారు గతించినపుడు మన యిండ్లలో దుఃఖమును పంచుకొనుటకు అందరును వత్తురు. ఆస్తికి వెల కట్టునాడు మాత్రము మగవారే కూర్చుందురు. ఆనాడు ఒక మాట తప్పక వినవచ్చును: “తక్కువ వేయండి, లేకున్న సర్కారువారు పన్ను వేస్తారు.” ఈ మాట కొందరు తెలియక యందురు, కొందరు తెలిసియే యందురు. తెలిసి యనువారి కొరకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఎస్టేటు డ్యూటీ యను మృతాస్తి పన్ను 1953 అక్టోబరు 15న అమలులోనికి వచ్చినది. మరణదినమున ఆ ఆస్తి బజారులో ఎంతకు అమ్ముడుపోవునో అదియే దాని విలువ యని ఆ చట్టము చెప్పినది. ఒక కాలమున పెద్ద ఆస్తుల పై అంతస్తులో నూటికి 85 వరకు పన్ను పడెడిది. వసూలు స్వల్పము, శ్రమ అధికమని ఆర్థికమంత్రి విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ 1985లో దానిని తొలగించిరి. సంపద పన్నును 2015లో ఎత్తివేసిరి. 2024 ఎన్నికలనాడు వారసత్వపు పన్ను వచ్చునని రగడ జరిగినది గాని పన్ను రాలేదు. ఇక ప్రొబేటన్ననో, మన పావగడ తాలూకాలోని హిందువుల వీలునామాలకు అది నిర్బంధము కాదు.

అట్లయిన ఈ తక్కువ వెల ఎవరి కన్నులు గప్పుటకు? ఇంటి ఆడపడుచు కన్నులు గప్పుటకే!

నాగలమడిక హోబళినే చూడుడు. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రము మొదలగు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల మెట్టను సౌరవిద్యుత్తు కొరకు తీసుకొనిరి. రైతులవద్ద కొనలేదు, దీర్ఘకాలపు గుత్తకు తీసుకొనిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో గుత్త మొదలైనది. ఐదెకరములకు ఏటికి 1,05,000. ఇట్టి నేలను వానలేని బీడని వెల కట్టి, అక్కచెల్లెండ్రకు ఇంతే వచ్చునని చెప్పుట ఏ ధర్మము? మృతినాటికి రావలసిన గుత్త బాకీయు ఆస్తియే. పిమ్మట వచ్చు గుత్త భూమితోబాటు వారసులందరిది.

కుమార్తెకు పిత్రార్జితములో జన్మతః హక్కు కలదని 2005 సవరణ చెప్పినది. తండ్రి అంతకుముందే పోయినను ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. “కట్నమిచ్చితిమి గదా” యందురు. కట్నము 1961 నుండి నేరము. నేరమును చూపి భాగమును ఎగవేయుదురా? “భూమి ముక్కలగును” అందురు. వెల కట్టుట వేరు, పంచుట వేరు. విలువ తెలిసి విడిచిన అది త్యాగము. తెలియక విడిచిన అది దోపిడి.

ఇతరులను నిందించి మమ్ము దాచుకొనుట పాడి కాదు. మేము జీవితమంతయు గుమాస్తాగిరి చేసినవారము, లెక్క తెలిసినవారము. అయినను మా నాయన పోయినపుడు అక్కకు ఒక చీరయు కొంత రొక్కమును ఇచ్చి హక్కు విడుదల పత్రముపై వ్రాలు చేయించుకొంటిమి. ఆమెను ఇచ్చినది మడకశిర వైపు, పత్రము కన్నడము. ఆమెకు గాని బిడ్డలకు గాని ఆ లిపి రాదు. ఏండ్లు గడచిన పిమ్మట ఒకనాడు అడిగినది: “ఏమప్పా, ఆ కాగితంలో ఏం రాసినారు?” మాకు నోరు రాలేదు. తరువాత ఆమె భాగము ఆమెకు వ్రాసి యిచ్చితిమి. అది దానము కాదు. ఆలస్యముగా తీర్చిన బాకీ.

కావున మా మనవి యిది. మరణదినమును వ్రాసి, ఆనాటి బజారు ధరకు భూమి, ఇల్లు, బంగారము, బ్యాంకు డిపాజిట్లు, రావలసిన గుత్త అన్నియు ఎక్కించుడు. అప్పులను, అంత్యక్రియల ఖర్చును తీసివేయుడు. బ్యాంకులో నామినీ సొమ్ము పుచ్చుకొనువాడే గాని యజమాని కాడని మరువకుడు. ఆ పట్టీని కన్నడములోను తెలుగులోను వ్రాసి, ఆడపడుచులను పీటవేసి కూర్చుండబెట్టి, బిగ్గరగా చదివి వినిపించి, తలకొక ప్రతి యిండు. ఆ పిమ్మటనే వ్రాళ్ళు.

ఉత్తర పినాకినీ తీరమున మన యూరిలో వెలసిన సుబ్రహ్మణ్యస్వామి, దున్నువేళ నాగలికి తగిలి బయటపడెనని పెద్దలు చెప్పుదురు. మన్నులో దాచినది ఏదియైనను ఏదో యొకనాడు నాగలికి తగులక మానదు.