వయస్సు మళ్ళాక వెల్లకిలా ఈత, అందులోనూ పందెమా?



ప్రతిసారీ ఈ పేజీలో షుగరు గురించో, రక్తపోటు గురించో వ్రాస్తుంటాము. ఈసారి మా అభిప్రాయము ఒకటి చెప్పదలచాము. కొందరికి నవ్వు రావచ్చు. నలభై దాటిన మన స్త్రీలు, పురుషులు వెల్లకిలా ఈత నేర్చుకోవాలి. నేర్చుకుని ఊరుకోక, పందెములో కూడా దిగాలి.

మనది నీళ్ళ సీమ. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటినుండి కాలువ నీళ్ళతోనే మన పంట, మన బ్రతుకు. ఇంటి ముందు కాలువ, వెనుక చెరువు, కాస్త దూరంలో గోదావరి పాయ. అయినా మనలో ఈత వచ్చినవారెందరు? మగపిల్లలు ఎలాగో నేర్చుకుంటారు. ఆడపిల్లను మాత్రం పదేళ్ళు దాటగానే గట్టు మీద నిలబెడతాము. పెద్దయ్యాక ఆమె రేవులో మోకాలి లోతు దాకా దిగి బట్టలు జాడిస్తుంది, అంతే. బిడ్డ కాలుజారి నీళ్ళలో పడితే ఆ తల్లి చేయగలిగింది కేక వేయడం ఒక్కటే. లేదా తనూ దూకడం. అలా దూకిన తల్లులను, వారి బిడ్డలను అత్యవసర విభాగంలో చూసిన నర్సులము మేము. ఆ రాత్రులు మరచిపోలేము.

2021లో ఒక్క ఏడాదిలోనే ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు అందులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. వరద గోదావరిలో ఈత ఒక్కటే కాపాడుతుందని మేము అనము. పడవ ఎక్కేవారికి లైఫ్ జాకెట్ తప్పనిసరి. కానీ నీటి మీద వెల్లకిలా తేలడం వచ్చినవారికి భయం తగ్గుతుంది, ఊపిరి నిలుస్తుంది, సహాయం వచ్చేదాకా కొంత వ్యవధి దొరుకుతుంది.

అందుకే వెల్లకిలా ఈత అంటున్నాము. కోచ్‌లు దీనిని బ్యాక్‌స్ట్రోక్ అంటారు. ముఖము పైకి ఉంటుంది గనుక ఊపిరి కోసం తల తిప్పే పని లేదు. మెడ పట్టేసినవారికి, నీళ్ళలో ముఖం పెట్టాలంటే భయపడేవారికి ఇది సుఖమైన ఈత. రోజంతా పొయ్యి మీదికి, చేలోకి, రోగి మంచం మీదికి వంగి పనిచేసే మనకు ముడుచుకున్న ఛాతీ, భుజాలు విచ్చుకుంటాయి. నీరు బరువు మోస్తుంది గనుక అరిగిన మోకాళ్ళకు దెబ్బ తగలదు.

ఇది పుస్తకం చూసి చెప్పే మాట కాదు. మా నర్సింగ్ విభాగంలో నలుగురము, అందరమూ నలభై దాటినవాళ్ళమే, వారానికి మూడు ఉదయాలు ఈతకొలనుకు వెళ్ళాము. మొదటి వారమంతా తేలడమే సరిపోయింది. గడ్డం ఛాతీకి ఆనించి తల పైకెత్తితే నడుము మునిగిపోతుంది. చెవులు నీళ్ళలో ఉంచి, కళ్ళు పైకప్పు వైపు నిలిపి, పొట్ట పైకి తేల్చితే మనిషి తేలుతుంది. ముక్కులోకి నీరు పోతుంటే ముక్కుతో సన్నగా ఊపిరి వదలాలి. రెండవ వారం కాళ్ళు. సైకిల్ తొక్కినట్టు మోకాళ్ళు పైకి లేపకూడదు, తుంటి దగ్గరనుండి ఆడించాలి. తర్వాత చేతులు. బొటనవ్రేలు ముందుగా నీటినుండి లేవాలి, చిటికెనవ్రేలు ముందుగా నీట దిగాలి. చేయి వెనక్కి పోయేటప్పుడు భుజంతో పాటు ఒళ్ళు కూడా కొద్దిగా ఒరగాలి. అలా ఒరగకుండా లాగినందుకే మాలో ఒకరికి భుజం నొప్పి వచ్చి, రెండు వారాలు మానవలసి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద భయం గోడ. వెనక్కి పోతుంటే గోడ కనబడదు, తల కొట్టుకుంటామేమోనని చేతులు ఆగిపోతాయి. అందుకే పోటీ కొలనులో గోడకు 5 మీటర్ల ముందు పైన జెండాలు కడతారు. జెండాలు కనబడ్డాక మన చేయి ఎన్నిసార్లు వేస్తే గోడ అందుతుందో లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్క కుదిరిన రోజున భయం పోయింది.

ఇక పందెము సంగతి. "ఈ వయస్సులో పందెమేమిటమ్మా, ఎవరిని గెలవాలని?" అని మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నడవండి, వ్యాయామం చేయండి అని డాక్టరుగారు చెబితే మన రోగులు నెల రోజులు చేస్తారు, తర్వాత మానేస్తారు. పెళ్ళి వచ్చింది, వాన వచ్చింది, చుట్టాలు వచ్చారు. మేమూ అంతే. కానీ ఫలానా తేదీన 50 మీటర్లు ఈదాలి అని పేరు ఇచ్చాక ఒక్క ఉదయం కూడా మానలేదు. 25 మీటర్లు ఈదడం, అర నిమిషం ఆగడం, మళ్ళీ ఈదడం, ఇలా ఎనిమిదిసార్లు. ఆగినప్పుడల్లా 10 సెకన్లు నాడి చూసి ఆరుతో గుణించేవాళ్ళము. అదే పనికి నెలనెలా నాడి వేగం తగ్గడం మా కళ్ళతో చూశాము.

పెద్దలకు ఈత పోటీలు కొత్తేమీ కాదు. మాస్టర్స్ పోటీలంటారు. 25 ఏళ్ళు దాటినవారిని ఐదేసి సంవత్సరాల వర్గాలుగా విడదీస్తారు గనుక యాభై ఏళ్ళ అమ్మ ఇరవై ఐదేళ్ళ పిల్లతో పోటీ పడనక్కరలేదు. మొదటి ప్రపంచ మాస్టర్స్ ఈత పోటీలు 1986లో జపాన్‌లోని టోక్యోలో జరిగాయి. వెల్లకిలా ఈతలో 50, 100, 200 మీటర్ల పందేలుంటాయి. ఇందులో ఎత్తునుండి దూకే పని లేదు, నీళ్ళలోనే కమ్మీ పట్టుకుని, గోడకు పాదాలు ఆనించి బయలుదేరుతారు. గోడ ముట్టేటప్పుడు కూడా వెల్లకిలానే ఉండాలి.

మాలో ముగ్గురము ఒక పోటీలో దిగాము. మొదటిసారి 50 మీటర్లకు 2 నిమిషాలు దాటినవాళ్ళము, ఆ రోజున ఒకరము 1 నిమిషం 38 సెకన్లలో ముగించాము. అయినా మా వర్గంలో కడపటి స్థానమే. ఏమీ చిన్నతనం అనిపించలేదు. మనము గెలవవలసినది మన పాత సమయాన్ని.

మన ప్రాంతపు ఆడపడుచు గోలి శ్యామల గారిని చూడండి. సామర్లకోటకు చెందిన ఆమె ఈత నేర్చుకున్నది చిన్ననాడు కాదు, పెద్దయ్యాకే. 2021 మార్చిలో, నలభైలలో ఉండగా, శ్రీలంకనుండి ధనుష్కోటికి సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు. యాభై దాటాక విశాఖపట్నం నుండి కాకినాడకు సుమారు 150 కిలోమీటర్లు రోజుకు కొంత చొప్పున ఈది, 2025 జనవరి మొదట్లో గమ్యం చేరారు. అది సముద్రపు ఈత, మనకు అంత అవసరం లేదు. వయస్సు అడ్డం కాదని తెలుసుకుంటే చాలు.

అయితే నర్సులుగా కొన్ని హెచ్చరికలు. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు డాక్టరుగారిని అడగకుండా దిగవద్దు. మూర్ఛ ఉన్నవారు కూడా ముందు డాక్టరుగారిని అడగాలి, ఎప్పుడూ ఒంటరిగా ఈదకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు ముందుగా షుగరు చూసుకోవాలి, గట్టున గ్లూకోజు ఉంచుకోవాలి. చెవిలో చీము కారేవారు, పుండ్లు ఉన్నవారు తగ్గేదాకా ఆగాలి. చీర, ఓణీ నీళ్ళలో బరువెక్కి క్రిందికి లాగుతాయి. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు దొరుకుతాయి గనుక సిగ్గుపడనక్కరలేదు. కాలువలో, గోదావరిలో వెల్లకిలా ఈత సాధన చేయవద్దు, ముందు ఏమి వస్తున్నదో కనబడదు. ఈత ఎముకలకు కావలసినంత బలం ఇవ్వదు గనుక నడక మానవద్దు.

ఇంకొక మాట. రెండు వారాల ఈత నేర్చుకుని మునిగేవారి కోసం దూకవద్దు. చీరో, తాడో, వెదురుగడో అందించండి. బయటికి తీసిన బిడ్డను తలక్రిందులుగా తిప్పి పొట్ట నొక్కి సమయం పోగొట్టవద్దు. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ, వెంటనే 108కు ఫోన్ చేయించండి.

మా విన్నపము ఇది. ఈతకొలనులున్న చోట స్త్రీలకు ప్రత్యేకంగా ఒక గంట, ఒక స్త్రీ శిక్షకురాలు కావాలని స్త్రీల సమాజాలు కలిసి వెళ్ళి అడగాలి. ఒక్కరు అడిగితే నవ్వుతారు, ఇరవై మంది అడిగితే వింటారు. భర్తలు ఆ మూడు ఉదయాలు పొయ్యి దగ్గర నిలబడాలి. అది కూడా పరిచర్యే.

పౌలు ఎక్కిన నావ పగిలిన సంగతి మీకు తెలుసు. అందులో 276 మంది ఉన్నారు. ఈత వచ్చినవారు మొదట దూకారు, మిగిలినవారు పలకల మీద, నావ చెక్కల మీద గట్టు చేరారు. అందరినీ కాపాడినవాడు దేవుడే. అయినా ఆ రోజున ఈత వచ్చినవారికి చెక్క కోసం వెతుక్కునే అవసరం రాలేదు. మన ఇంటిలో అలాంటివారు ఒక్కరైనా ఉండాలి. ఆ ఒక్కరు అమ్మ అయితే మరీ మంచిది.

ప్రభువు మీకు ఆరోగ్యమును, ధైర్యమును దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్