అదను చూడని మంచు పందేలు

2023-24 ఆల్పైన్ స్కీయింగ్ ప్రపంచ కప్‌లో పురుషుల తొలి పోటీ అక్టోబరు చివర ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో మొదలైంది, కానీ పూర్తి కాలేదు. గాలి ఉద్ధృతికి, వరుస గుంజల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలోమ్‌ను మధ్యలోనే ఆపేశారు. నవంబరులో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ నుంచి సరిహద్దు దాటి ఇటలీలోని చెర్వీనియా వైపు దిగాల్సిన, వేగమే ప్రధానమైన డౌన్‌హిల్ పోటీలు పెనుగాలులకూ, ఎడతెగని హిమపాతానికీ రద్దయ్యాయి. డిసెంబరు మొదట్లో అమెరికాలోని బీవర్ క్రీక్‌లో తలపెట్టిన మూడు రేసులదీ అదే గతి. చివరికి పురుషులు తొలి డౌన్‌హిల్ ఆడేసరికి డిసెంబరు 14 వచ్చింది. విత్తుకు అదను ఉన్నట్టే మంచు పందేనికీ ఉంటుంది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య అదను రాకముందే సీజన్ తెరుస్తోంది. అప్పుడు జరగని రేసులను తెచ్చి జనవరిలో కుక్కుతోంది. ఈ పద్ధతి మారాలి, ఎందుకంటే ఆ భారమంతా మోస్తున్నవి రేసర్ల కాళ్లు.

వెంగెన్‌లో ఏం జరిగిందో చూడండి. స్విట్జర్లాండ్‌లోని ఆ ఊరి లౌబర్‌హార్న్ వాలు ప్రపంచ కప్‌లోకెల్లా పొడవైనది. నాలుగు కిలోమీటర్లకు పైగా దూరాన్ని, కొన్నిచోట్ల గంటకు 150 కిలోమీటర్లు దాటే వేగంతో దిగడానికి దాదాపు రెండున్నర నిమిషాలు పడుతుంది. తక్కిన చోట్ల డౌన్‌హిల్ సాధారణంగా రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. అంతసేపు వంగి కూర్చున్న భంగిమలో తొడలు మండిపోతాయి. 2024 జనవరి 11న అక్కడ, అంతకుముందు రద్దయిన రేసుకు బదులుగా, కాస్త కుదించిన దారిలో ఒక డౌన్‌హిల్ పెట్టారు. 12న మరో వేగ పోటీ సూపర్-జీ, 13న పూర్తి నిడివి డౌన్‌హిల్. వీటికి ముందు ట్రయల్ పరుగులు ఉండనే ఉన్నాయి. 12న ఫ్రాన్స్ రేసర్ అలెక్సీ పింటురో పడ్డాడు, మోకాలి లిగమెంట్ తెగింది. 13న నార్వే దిగ్గజం అలెక్సాండర్ ఆమోట్ కిల్డె, కాళ్లలో సత్తువ అడుగంటే చిట్టచివరి మలుపుల్లో అదుపు తప్పి రక్షణ వలల్లోకి దూసుకెళ్లాడు. భుజం తప్పింది, పిక్క చీరుకుపోయింది. వారం తిరిగేసరికి స్లొవేకియా తార పెత్రా వ్లొవా, 26న ఇటలీలోని కోర్తినాలో అమెరికాకు చెందిన మికేలా షిఫ్రిన్ పడ్డారు. పదిహేను రోజుల్లో గాయపడిన ఈ నలుగురూ గతంలో సమగ్ర విజేతలుగా స్ఫటిక గ్లోబు అందుకున్నవాళ్లే. వీళ్లకు నైపుణ్యం తక్కువని ఎవరూ అనలేరు.

నలుగురి గాయాలకూ క్యాలెండరే కారణమని నేననను. వ్లొవా పడింది సొంతగడ్డ మీద, జెయింట్ స్లాలోమ్‌లో. మంచు గట్టిదనం, స్కీల పదును, బూట్ల బిగింపు, వీటన్నిటికీ ప్రమాదాల్లో వాటా ఉంటుంది. డౌన్‌హిల్ ఎప్పుడూ ప్రమాదకరమేనన్నదీ నిజమే. అందుకే అలసటను దానికి అదనంగా జోడించకూడదు. ఇష్టం లేకపోతే రేసు మానుకోవచ్చు కదా అనే వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఇక్కడ మొదటి స్థానానికి 100 పాయింట్లు, రెండో స్థానానికి 80, మూడో స్థానానికి 60. సీజన్ పొడుగునా వీటిని కూడితేనే గ్లోబు. ఒక రేసు వదులుకోవడమంటే పోటీదారుకు వంద పాయింట్ల అవకాశం అప్పగించడమే. ఆ లెక్కలో మానుకునే స్వేచ్ఛ కాగితం మీదే మిగులుతుంది. ఆ వెంగెన్‌లోనే రెండు డౌన్‌హిల్లూ గెలిచిన స్విట్జర్లాండ్ రేసర్ మార్కో ఒడెర్మాట్‌ను చూపి ఇంత ఒత్తిడిలోనూ రాణించవచ్చని అనేవారున్నారు. అసాధారణమైన ఒక్కడిని కొలమానం చేసి అందరికీ నియమం రాయడం న్యాయం కాదు.

ఆర్థిక వాదన ఇంతకంటే బలమైనది. అక్టోబరులో టీవీలో తెల్లని వాలు కనబడితేనే స్కీలు అమ్ముడవుతాయి, కొండ ఊళ్ల హోటళ్లకు బుకింగులు వస్తాయి. ఆ ఊళ్ల బతుకుతెరువును తేలిగ్గా తీసిపారేయలేం. కానీ జెర్మాట్-చెర్వీనియా అనుభవం ఏం చెబుతోంది? 2022లో మంచు చాలక, 2023లో మంచు, గాలులు ఎక్కువై, రెండేళ్లలో పురుషులకూ మహిళలకూ కలిపి తలపెట్టిన ఎనిమిది రేసుల్లో ఒక్కటీ జరగలేదు. పైగా ఆ దారి కోసం హిమానీనదం మీద ఎక్స్‌కవేటర్లు తవ్వుతున్న ఫొటోలు ఐరోపా అంతటా కలవరం రేపాయి. ఆ తర్వాతి సీజన్‌కు ఆ పోటీలను జాబితాలోంచే తీసేశారు. జరగని రేసు ఏ ఊరికి ఆదాయం తెచ్చింది?

2023 ఫిబ్రవరిలో వందలాది స్కీయర్లు సమాఖ్యకు రాసిన లేఖలో అడిగింది అత్యాశేమీ కాదు. సీజన్‌ను నవంబరు చివర మొదలుపెట్టి ఏప్రిల్ వరకు సాగించమన్నారు. 1967లో ఈ ప్రపంచ కప్ పుట్టినప్పుడు తొలి సీజన్ జనవరిలో మొదలై మార్చిలో ముగిసిందన్నది గుర్తుంచుకుంటే అక్టోబరు ఆరంభం తప్పనిసరి సంప్రదాయమేమీ కాదని తెలుస్తుంది. దీనికి తోడు రద్దయిన రేసును రద్దయినట్టే వదిలేయాలి. అలా వదిలేస్తే ఛాంపియన్‌షిప్ విలువ పడిపోతుందనే భయానికి జవాబు 2023-24 సీజన్ చివర్లోనే దొరికింది. మార్చి 24న ఆస్ట్రియాలోని సాల్‌బాక్‌లో పురుషుల ఆఖరి డౌన్‌హిల్‌ను గాలి, మంచు అడ్డుకున్నాయి. దాన్ని ఇంకెక్కడా పెట్టలేదు. అప్పటికి ఫ్రాన్స్ రేసర్ సిప్రియెన్ సరాజెన్ కంటే 42 పాయింట్లు ముందున్న ఒడెర్మాట్‌కు డౌన్‌హిల్ గ్లోబు ఇచ్చేశారు. మార్చిలో చేయగలిగింది నవంబరులోనూ చేయవచ్చు.