ఇంట కూర్చుకొనిన కంప్యూటరు

మన గ్రామములలోను పట్టణములలోను ఇండ్ల కప్పులపైన ఇనుప చువ్వలు ఆకాశమువైపు నిలిచియుండుట మీరందరు చూచియే యుందురు. ఆ గృహస్థునకు నేడు ఒక అంతస్తు కట్టుటకు మాత్రమే శక్తి కలదు. రేపు కుమారునకు వివాహమైనచో, లేదా చేతిలో నాలుగు రూకలు నిలిచినచో, మేడ వేయవలెనని అతని సంకల్పము. అందుచే పునాదిని రెండంతస్తుల బరువునకు తగినట్లు త్రవ్వించి, స్తంభముల చువ్వలను కత్తిరింపక వదలిపెట్టును. గోడలకు సున్నము తరువాత వేయించుకొనవచ్చును. పునాదిని తరువాత లోతు చేయుట సాధ్యము కాదు. కొద్దిపాటి ధనముతో కంప్యూటరును కొనదలచిన కుటుంబము ఈ గృహస్థుని బుద్ధినే అనుసరింపవలెనని నా అభిప్రాయము.

తెలుగు పండితునకు ఈ యంత్రముల గొడవ యేల యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేను 2017లో ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించినప్పుడు, ఇన్నేండ్ల పాఠముల వ్రాతప్రతులను భద్రపరుపవలెనను కోరికతో, చూచుటకు ముచ్చటగ నున్న ఒక చిన్న కంప్యూటరు పెట్టెను కొంటిని. అది నాలుగేండ్లు చక్కగ పనిచేసి, 2021లో ఒకనాటి సాయంకాలము మౌనము వహించెను. బాగుచేయు యువకుడు దానిని విప్పి చూచి, లోపలి భాగములకు విద్యుత్తును అందించు ఎస్.ఎం.పి.ఎస్. ఒక్కటియే చెడినదనియు, తక్కినవన్నియు ఆరోగ్యముగ నున్నవనియు చెప్పెను. నాకు సంతోషము కలిగెను. కాని అది గడియసేపైనను నిలువలేదు. ఆ పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. ఆకారము వేరు, దాని తీగల కొనలు వేరు. అంగడిలో దొరకు సామాన్యమైనది అందు ఇమడదు. దానిని చేసిన సంస్థ ఆ నమూనాను అప్పటికే విడిచిపెట్టినది. చక్రము విరిగినచో వడ్రంగి మరియొక చక్రము చేసి యిచ్చును. బండిని ఎవరును పారవేయరు. నా పెట్టె మాత్రము ఒక్క భాగము చెడుటచే యావత్తు మూలబడెను.

కంప్యూటరు అన్నవెల్ల ఇట్లుండనక్కరలేదు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినప్పుడు, దాని లోపల అదనపు కార్డులను గ్రుచ్చుకొనుటకు అయిదు స్లాట్లు ఉంచి, యంత్రనిర్మాణమును వివరించు గ్రంథమును కూడ ప్రకటించెను. ఇతరులు దానికి సరిపోవు భాగములను చేయసాగిరి. తరువాత 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతలను నిర్ణయించి వెల్లడించినది. మదర్‌బోర్డు ఎంత పొడవుండవలెను, మరలకు రంధ్రములు ఎచ్చటెచ్చట నుండవలెను, విద్యుత్తు తీగ కొన ఎట్లుండవలెను అనునవి అందు కలవు. కావుననే నేడు ఒకరు చేసిన బోర్డు వేరొకరు చేసిన క్యాబినెట్టులో ఏ పేచీయు లేక కూర్చుండును.

నా పెట్టె మూలబడిన సంవత్సరముననే మా మనుమరాలు బి.ఆర్క్. తరగతిలో చేరినది. భవనముల నమూనాలను కంప్యూటరుపై గీయవలసిన చదువు అది. పాత మానిటరును కీబోర్డును ఉంచుకొని, తక్కినదానికి 60,000 రూపాయలకు మించి వ్యయము చేయరాదని నిర్ణయించుకొంటిమి. మా పట్టణమున ఒక దుకాణదారుడు వ్రాసియిచ్చిన పట్టీలో సగము ధనము గ్రాఫిక్స్ కార్డునకే పోయినది. మిగిలిన సగములో చౌకరకపు బోర్డు, పేరులేని ఎస్.ఎం.పి.ఎస్. అమ్మాయికి ఆ పట్టీయే నచ్చినది. "తాతయ్యా, నా చదువు అయిదేండ్లే గదా! ఎప్పుడో వేయు మేడను తలచుకొని నన్ను నేడు ఎండలో నుండుమందురా?" అని నన్నడిగెను. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. నాకు సమాధానము తోచుటకు రెండు దినములు పట్టినది.

కంప్యూటరు భాగములలో కొన్ని తరువాత చేర్చుకొనదగినవి. గ్రాఫిక్స్ కార్డు, మెమరీ, ఎస్.ఎస్.డి. అట్టివి; ఒక మర విప్పి, ఒకటి తీసి, వేరొకటి పెట్టిన చాలును. బోర్డు అట్టిది కాదు. దానిని మార్చవలెనన్నచో యంత్రమునంతటిని విప్పవలెను; ఒక్కొక్కప్పుడు ప్రాసెసర్‌ను మెమరీని కూడ మార్చవలసివచ్చును. ధనము చాలనప్పుడు ఆ లోటును మొదటి తెగపై వేయవలెను గాని బోర్డుపైనను ఎస్.ఎం.పి.ఎస్.పైనను వేయరాదు. నేను గ్రాఫిక్స్ కార్డు వలదనలేదు, ఆనాడు వలదంటిని. మొదటి సంవత్సరమున చాలవరకు చేతితోనే గీతలు గీయింతురని అమ్మాయియే చెప్పియుండెను. అదియుగాక 2021లో చిప్పుల కొరతచేతను, క్రిప్టో నాణెములకై కార్డులు కొనువారి రద్దీచేతను, గ్రాఫిక్స్ కార్డులు ప్రకటించిన ధరకంటె ఎంతో అధికమునకు అమ్ముడుపోవుచుండెను. కరవు దినములలో బియ్యము కొని గాదె నింపుకొనువాడు ఎవడు?

బోర్డు కొనునప్పుడు ముఖ్యముగ చూడవలసినది ప్రాసెసర్ కూర్చుండు సాకెట్టు. ఏ.ఎం.డి. సంస్థ 2016లో ఏ.ఎం.4 అను సాకెట్టును ప్రవేశపెట్టినది. 2017లో అట్టి బోర్డు కొన్నవారిలో అనేకులు, బయోస్ అను మూల ఆదేశములను నవీకరించుకొని, 2022లో వెలువడిన ప్రాసెసర్‌ను అదే బోర్డుపై అమర్చుకొనగలిగిరి. ఇంటెల్ సంస్థ 2015లో తెచ్చిన సాకెట్టునకు 1151 సూదులు. 2017లో వచ్చిన ఎనిమిదవ తరము ప్రాసెసర్ల సాకెట్టునకును 1151 సూదులే. అయినను ఈ క్రొత్తవి ఆ పాత బోర్డులపై పనిచేయవు. సంఖ్య కలిసినంత మాత్రమున జత కుదిరినదనుకొనరాదు. మేము ఏ.ఎం.4 బోర్డునే, నాలుగు మెమరీ స్లాట్లు గలదానిని ఎన్నుకొంటిమి.

ప్రాసెసర్ పేరులో ఒక్క అక్షరము కూడ ముఖ్యమే. పద్యమున ఒక అక్షరము తప్పినచో గణభంగమగును. ఇచ్చట అంతకంటె ఎక్కువ నష్టము. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉన్నచో చిత్రములను చూపు శక్తి అందు లేదు. వేరుగ కార్డు కొననిదే మానిటరు నల్లగనే యుండును. కొంత ధర తగ్గినదని సంబరపడి అట్టిదానిని తెచ్చుకొని, ఇంట చీకటి తెరను చూచుచు కూర్చున్నవారు కలరు. మేము కొన్న రైజెన్ ప్రాసెసర్ పేరు చివర 'జి' కలదు. అనగా చిత్రశక్తి ప్రాసెసర్‌లోనే యున్నది. అది కార్డుతో సమానము కాదు గాని, కార్డు వచ్చువరకు కాలము గడుపుటకు చాలును.

ఇక ఎస్.ఎం.పి.ఎస్. దీనిని గూర్చి నేను కొంచెము ఎక్కువ చెప్పినచో మీరు నన్ను క్షమింపవలెను, దెబ్బ తిన్నవాడను. ఇది 230 వోల్టుల విద్యుత్తును తగ్గించి భాగములకు పంచిపెట్టును. లోపలి భాగములకు 300 వాట్లు కావలెననుకొనుడు. నూటికి 80 పాళ్లు సమర్థత గల ఎస్.ఎం.పి.ఎస్. అందుకొరకు 375 వాట్లు తీసుకొనును. మిగిలిన 75 వాట్లు వేడిగ మారిపోవును. '80 ప్లస్' అను గుర్తు ఈ సమర్థతను తెలుపునది. నాసిరకపు ఎస్.ఎం.పి.ఎస్. చెడునప్పుడు తాను ఒంటరిగ పోక బోర్డును కూడ వెంట తీసుకొనిపోవచ్చును. మంచివానికి కొన్ని సంస్థలు అయిదేండ్లు, ఏడేండ్లు, పదేండ్లు కూడ హామీ ఇచ్చుచున్నవి. నేటి అవసరమునకు కొంత మించిన శక్తియు, రేపటి గ్రాఫిక్స్ కార్డునకు వలయు ప్రత్యేకమైన తీగయు దానికి ఉండవలెను. పైకి వదలిన చువ్వలు ఇవియే.

మెమరీని 8 జీబీ పలక ఒక్కటి మాత్రమే కొంటిమి. రెండు పలకలు జతగ నున్నచో పని వేగమగును. ప్రాసెసర్‌లోని చిత్రశక్తికి ఆ జత మరింత మేలు చేయును. ఆ లోటు తెలిసియే ఒప్పుకొంటిమి. అయితే తరువాత కొన్నచో ఎల్లప్పుడు చౌకయని భ్రమపడకుడు. 2023లో మెమరీ ధరలు బాగుగ దిగినవి. 2025వ సంవత్సరాంతమున కృత్రిమ మేధ కేంద్రముల గిరాకి వలన విపరీతముగ పెరిగినవి. ఎస్.ఎస్.డి. విషయమున సందేహమే లేదు. తిరుగుడు పళ్లెముల హార్డ్ డిస్క్‌నుండి కంప్యూటరు మేల్కొనులోపల అమ్మాయి కాఫీ కాచి తేగలదు.

ఇట్టి కూర్పు అందరికిని తగినదని నేను వాదింపను. వసతిగృహమున నుండి ప్రతి సెలవునకు ఇంటికి పోవు విద్యార్థికి ల్యాప్‌టాపే మేలు. కరెంటు తరచుగ పోవుచోట డెస్క్‌టాప్‌తోపాటు యు.పి.ఎస్. కూడ కొనవలెను, ఆ వ్యయమును ముందే లెక్కలో వ్రాసుకొనవలెను. సిద్ధముగ నున్న పెట్టెకు హామీపత్రము ఒక్కటే. మనము కూర్చినదానికి ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్కటి. రసీదులన్నిటిని ఒక కవరులో దాచవలెను.

సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో రెండు దినములు తిరిగి, దుకాణము దుకాణమున ధర వ్రాసుకొని, భాగములను కొంటిమి. బిగించు పని ఇంటివద్దనే జరిగినది. ప్లగ్గు తీసియుంచి, ఒంటిమీది స్థిరవిద్యుత్తు పోవుటకు క్యాబినెట్టు ఇనుమును తాకి, అమ్మాయి ఒక్కొక్క భాగమును పట్టుకొనుచుండగా, నేను కళ్లద్దములు సవరించుకొని పుస్తకమును చదివి వినిపించితిని. మీట నొక్కితిమి. పంకలు తిరిగినవి, తెర వెలుగలేదు. ఒక గంటసేపు ఇంటిలో ఎవరును మాటాడలేదు. తుదకు తేలినదేమనగా, మెమరీ పలకను కొక్కెము 'టక్'మనువరకు నొక్కలేదు.

2023లో ధరలు దిగిన తరువాత గ్రాఫిక్స్ కార్డు, రెండవ మెమరీ పలక కొంటిమి. అమ్మాయి నన్ను పిలువకయే పావుగంటలో వానిని బిగించి, నా పాత పెట్టెలోని హార్డ్ డిస్క్‌ను కూడ అందే అమర్చినది. నా పాఠముల ప్రతులు అన్నియు దొరకినవి. బోర్డుపై ఇంకను రెండు మెమరీ స్లాట్లు ఖాళీగనే యున్నవి. ఉద్యోగమునకు ఏ ఊరు పోయినను ఈ యంత్రమును తనతో తీసుకొనిపోవుదునని ఆమె అనుచున్నది; ఆ బరువైన క్యాబినెట్టును రైలులో ఎవరు మోయుదురో ఇంకను తేలలేదు.