శ్రమకు హద్దు లేదా?

నురుగులు గ్రక్కుచున్న ఎద్దు మెడనుండి కాడి దింపని రైతును మనము నిర్దయుడందుము. మనుష్యులయెడ నదే పని చేయు యజమానుని మాత్రము కార్యశూరుడని కొనియాడుదుము. 2023లో నారాయణమూర్తిగారు దేశ యువకులు వారమునకు 70 గంటలు పని చేయవలెననిరి. 2025 ఆరంభమున లార్సెన్ అండ్ టూబ్రో అధ్యక్షులగు సుబ్రహ్మణ్యన్‌గారి నోట 90 గంటల మాట వెలువడెను. ఆ యేడు జూన్ మాసమున ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము దినమునకు 9 గంటలుగా నున్న పని పరిమితిని 10 గంటలకు పెంచ నిర్ణయించెను. జూలైలో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సంస్థలలో 10 గంటల పనికి అనుమతి నిచ్చెను. గంటలు పెరిగినచో పని పెరుగునని యెల్లరును నమ్ముచున్నారు. ఆ నమ్మకము నిజమా యని యడిగినవారేరీ?

అడిగినవారు కలరు. ఇటలీలోని ట్యూరిన్ నగరమున ఆంజెలో మోస్సో అను శాస్త్రజ్ఞుడు వ్రేలితో బరువు లాగించి అలసటను కొలుచు యంత్రమును కల్పించి, తన పరిశోధనలను 1891లో గ్రంథముగా ప్రకటించెను. విద్యార్థులను చిరకాలము పరీక్షించి వచ్చిన పండితుని వ్రేలి బలము సైతము క్షీణించుటను ఆయన కనుగొనెను. మనస్సు అలసినచో దేహమును అలయునన్నమాట. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి: పూర్తిగా అలసిన కండకు రెండు గంటల విశ్రాంతి కావలసియుండగా, సగము పనితో ఆపిన కండకు అరగంట చాలెను. చివరి సగము మొదటి సగముకంటె నెంత ఖరీదైనదో చూడుడు!

1915లో, మొదటి ప్రపంచయుద్ధ కాలమున, ఆయుధ కర్మాగారముల శ్రామికుల ఆరోగ్యమును విచారించుటకు బ్రిటిష్ ప్రభుత్వమొక సంఘమును నియమించెను. ఆ సంఘము తరఫున వెర్నన్ అను నాతడు లెక్కలు తీసెను. యంత్రములపై ఫ్యూజు భాగములను చెక్కు స్త్రీల పని గంటలు తగ్గింపగా, వారములో తయారైన సరకు తగ్గలేదు సరిగదా, పెరిగెను. 1948లో మాక్‌వర్త్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, గడియారపు ముల్లు కదలికనే కనిపెట్టి కూర్చుండువారి జాగరూకత మొదటి అరగంటలోనే సడలునని చూపెను.

వారమునకు 48 గంటల హద్దు ఉన్నదిగదా, దినమునకొక గంట పెరిగిన నేమని కొందరందురు. ఎల్లుండి సెలవు నేటి పదవ గంటను తేలిక చేయదు. అలసిన చేయి యంత్రముక్రింద నలుగునది ఆ గంటలోనే. బీదదేశమునకు విశ్రాంతి తగదని మఱికొందరందురు. ప్రాణసంకటములో నున్న దేశమే యుద్ధమధ్యమున గంటలు తగ్గించి లాభపడెను. ఏ పనికి ఎన్ని గంటలు తగునో అన్నిటికి నొకే సంఖ్య చెప్పజాలము. కావుననే, గంటలు పెంచుటకు ముందు ఏ గంటలో ఎన్ని తప్పులు, ఎన్ని ప్రమాదములు జరుగుచున్నవో ప్రతి కర్మాగారమును లెక్కించి ప్రకటింపవలెనని కోరుచున్నాము. మనుజుడు ఉద్యోగమునకు తగునా యని పరీక్షించుటకు మనశ్శాస్త్రమును పిలుచువారు, ఉద్యోగము మనుజునికి తగునా యని యడుగుటకేల వెనుదీయుదురు?

యజమానులను నిందించి చేతులు కడుగుకొనుటకు మనకును వీలులేదు. 2019 నాటి ప్రభుత్వ కాలవినియోగ సర్వే ప్రకారము జీతములేని యింటిపనిలో పాల్గొను స్త్రీలు దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించిరి. ఆ పనికి వారపు సెలవైనను లేదు. చదువరులారా, మీ యింట నేటి రాత్రి కడపట పండుకొను వారెవరో, రేపు అందరికంటె ముందు లేచు వారెవరో చూడుడు. రెండును ఒకే పేరైనచో, సంస్కరణ అచ్చటనే, రేపు ఉదయమే మొదలు కావలెను.