కోలాటము: కోపు ముందా, నడక ముందా?

ప్రొద్దుటూరునుండి యొక సోదరి తన కష్టము వ్రాసినది. వారి వీధి స్త్రీలు పదునార్గురు మాపటివేళ కోలాటము నేర్చుచున్నారు. శ్రీరామనవమికి ఒంటిమిట్టలో ఆడవలెనని గురువుగారు తొలిదినమునుండియే పెద్ద కోపులు చెప్పుచున్నారట. ఇల్లు చేరునప్పటికి ఆమెకన్నియు మరపు. తన తప్పువలన ఉద్ది వ్రేళ్ళకు దెబ్బ తగిలినది. మానుకొందునా యని యడుగుచున్నది.

సోదరీ, మానుకొనవలదు. మరపు మీ దోషము గాదు. నేర్పు వరుస మారవలెను.

కోపనగా అడుగులకును కోలదెబ్బలకును ముందే యేర్పరచిన కూర్పు. ఇందరు ఒక్కటిగ ఆడు ఆటకు అది లేక గడవదు. జడకోలాటమును చూడుడు. పైనుండి వ్రేలాడు త్రాళ్ళ కొనలను తలకొకటి పట్టి, లోపలికిని వెలుపలికిని దాటుచు ఆడగా జడ అల్లుకొనును. అవే అడుగులు వెనుకకు వేసినగాని అది విడదు. ఒకతె దారి తప్పెనా, అందరి త్రాళ్ళును చిక్కుపడును. కావున కోపులు వట్టివనువారి మాట నేనొప్పను.

అయినను కోపు వల్లించుట వేఱు, ఆడుట వేఱు. ఈ తగవు దూరదేశములందును గలదు. బ్యూనస్ ఐరిస్, మాంటెవిడియో పట్టణములలో 19వ శతాబ్దపు చివర పుట్టిన టాంగో యను జంటనృత్యమును 2009లో యునెస్కోవారు మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. అందు అడుగులు పాటను బట్టి అప్పటికప్పుడు పుట్టవలెను. అయినను క్రొత్తవారికి ఎనిమిదడుగుల వరుస నొకదానిని పలుచోట్ల నేర్పుదురు. దాని మొదటి అడుగు, నడిపించువానికి, వెనుకకు. జనము నిండినచోట దానిని వల్లించినట్లు వేసినవాడు వెనుకనున్నవారిని ఢీకొనును. అందుచే ముందు నడక నేర్పుడని కొందరు గురువులు వాదింతురు.

మన సంగీతము రెండింటికిని పొత్తు కుదిర్చినది. పురందరదాసు కూర్చెనని ప్రతీతిగల సరళీవరుసలు కచేరిలో పాడుటకు గావు. అయినను ఆ చిన్న వరుసలనే మూడు కాలములలో పాడగా కంఠము శ్రుతికిని, చేయి తాళమునకును లొంగును. కోలాటమునకును అట్టి చిన్న కోపే మొదట కావలెను.

కావున ఇట్లు చేయుడు. మొదటివారము కోలలు లేకయే, చప్పట్లతో పాటకు నడువుడు. పిదప నాలుగు దెబ్బల కోపు నొక్కదానిని పట్టుడు. దానిని లోపలి వరుసలో నిలిచియు, వెలుపలి వరుసలో నిలిచియు, మెల్లగను, వడిగను, ఉద్దిని మార్చియు ఆడుడు. ఎక్కడ నిలిచినను తడబడకున్ననే రెండవ కోపు. పండుగనాడు పది కోపులు తప్పులతో ఆడుటకంటె మూడు నిండుగ ఆడుట మేలు. జడకోలాటము మరుసటియేట చూచుకొనవచ్చును.

గురువుగారితో ఈ మాట వినయముగ చెప్పుడు. దినమెల్ల ఇంటిపనిలో గడపిన స్త్రీ తనకై మిగుల్చుకొను గడియ యది. అదియు పాఠమప్పగించుటగ మారినచో, ముందుగ మానుకొనువారు సిగ్గరులును, వయసు మీరినవారును. వారులేని వలయము వీధివారిది కాదు.

ఉద్దిని రేపు మీ వసారాకు పిలువుడు. నాలుగు దెబ్బలు చాలును.