నారింజరంగు దీపం

తెలుగు మేష్టారికి మోటారుకార్ల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా అక్కయ్యా అదే అడిగింది.

2024 వేసవి సెలవులకు కాలిఫోర్నియాలో, శాన్ హోసే దగ్గర ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే మా మేనల్లుడు నన్ను కారుషెడ్డులోకి లాక్కుపోయాడు. 2001లో జపానులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్సు కారు. పైన గుడ్డ కప్పు, మడిచి వెనక్కి వేసేసుకోవచ్చు. మా బావ ముచ్చటపడి ఎవరి దగ్గరో పాతది కొనుక్కున్నాడు. బావ పోయి రెండేళ్ళయింది. కుర్రవాడు ఆ కారును రోజూ తుడుస్తాడు.

వేగం చూపే ముల్లు పక్కన చిన్న నల్లటేపు ముక్క అంటించి ఉంది.

"ఇదేమిట్రా?" అన్నాను.

"దానికింద చెక్ ఇంజన్ దీపం ఉంది మామయ్యా. చూడలేక అంటించేశాను."

దీపం కనపడకుండా చేసినంత మాత్రాన గండం తప్పుతుందా? ఆ రాష్ట్రంలో పాతకార్లకు రెండేళ్ళకోసారి పొగ పరీక్ష జరుగుతుంది. 2000, ఆ తరువాతి పెట్రోలు కార్లకు గొట్టంలోంచి వచ్చే పొగను కొలవరు. కారులో ఉన్న కంప్యూటరునే అడుగుతారు. దీపం వెలుగుతుంటే పరీక్ష తప్పినట్టే. పరీక్ష తప్పితే రిజిస్ట్రేషను లేదు, అది లేకపోతే కారు రోడ్డెక్కరాదు. వీడప్పటికే అయిదువందల డాలర్లు తగలేశాడు. "నెలాఖరులోగా ఆ దీపం ఆరకపోతే అమ్మేస్తాను" అని అక్కయ్య ఖండితంగా చెప్పేసింది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ కారువైపు చూడలేదు.

అమెరికాలో 1996 నుంచి అమ్మిన ప్రతి కొత్తకారులోనూ స్టీరింగు కింద పదహారు కాళ్ళ సాకెట్టు ఒకటి ఉండాలని నియమం. చిటికెడంత పరికరం దానికి తగిలిస్తే, కారు తన బాధ ఒక అక్షరం, నాలుగంకెల్లో సెల్‌ఫోనుకు చెబుతుంది. మావాడి కారు చెప్పింది పి0171. అంటే మిశ్రమం పలచబడిందని అర్థం. పెట్రోలు ఒక పాలుంటే గాలి బరువులో 14.7 పాళ్ళుండాలి. అంతకు మించి గాలి ఉందన్నమాట.

ఆ కబురు ఇంజనులో తెచ్చేది పొగగొట్టానికి బిగించిన ఆక్సిజన్ సెన్సరు. మావాడు కోడు చూసిన వెంటనే ఏం చేశాడనుకున్నారు? ఆ సెన్సరునే తీసి పారేసి కొత్తది బిగించాడు. దూతను చంపరాదని విభీషణుడు రావణుడి సభలోనే చెప్పాడు, మావాడు వినలేదు. నాలుగు రోజులు దీపం ఆరింది, అయిదోనాడు మళ్ళీ వెలిగింది. కొత్త దూత కూడా పాతవాడి మాటే చెప్పాడు మరి!

నా క్లాసులో ఇలాంటి విద్యార్థులు ఏటా ఉంటారు. పద్యానికి ప్రతిపదార్థం గడగడా అప్పచెబుతారు, తాత్పర్యం అడిగితే నేల చూపులు చూస్తారు. పి0171 ప్రతిపదార్థం మాత్రమే. గాలి ఎక్కువైందంటుంది గానీ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పదు. పైగా పెట్రోలు పంపు నీరసించినా, ఫిల్టరు పూడుకున్నా ఇదే మాట అంటుంది.

కారు మరమ్మతు పుస్తకం తెప్పించుకుని మూడు రాత్రులు చదివాను. చదవటం తప్ప నాకొచ్చిన విద్య లేదు గదా. తెలిసిందేమిటంటే, దీపం వెలిగిన క్షణంలో కారు పరిస్థితి కంప్యూటరు రాసిపెట్టుకుంటుందట. చూస్తే ఇంజను బాగా వేడెక్కి ఉంది, వేగం సున్న. అంటే కారు సిగ్నలు దగ్గర నిలబడి ఉంది! ఇంకొక లెక్క కూడా దొరికింది. పలచనైన మిశ్రమాన్ని సరిదిద్దటానికి కంప్యూటరు పెట్రోలు ఎంత అదనంగా పోస్తోందో నూటికి ఇంత అని చూపుతుంది. పదిలోపు ఉంటే మామూలే. మావాడి కారు నిలబడి ఉన్నప్పుడు 22. యాక్సిలరేటరు తొక్కి 2500 తిరుగుళ్ళకు తెస్తే 6.

ఇదిగో, తాత్పర్యం ఇక్కడ ఉంది. పంపు నీరసమైతే బరువు లాగేటప్పుడు ఆకలి పెరగాలి, తగ్గకూడదు. ఇది చిల్లు. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు తాగే గాలి కాస్తంత. అందులో చిల్లు గాలి పెద్ద వాటా. జోరు మీద తాగే గాలి ఎంతో. అందులో అదే చిల్లు ఏ మూలకు?

మెకానిక్కులు ఇలాంటి చిల్లును గొట్టాల్లోకి పొగ ఎక్కించి పట్టుకుంటారట. పొగను బట్టి నిప్పును ఊహించమన్న తర్కశాస్త్రం, చిల్లును పట్టుకోమని చెప్పలేదు! మేము ఒక గజం రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస నా చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజను చుట్టూ తిప్పాము. తిరిగే బెల్టులకు దూరంగా ఉండమని వాడు నన్ను పదిసార్లు హెచ్చరించాడు. ఒకచోట పాము బుసకొట్టినట్టు వినిపించింది. ఇంజను పొట్టలోని ఆవిరిని గాలిగొట్టంలోకి తీసుకుపోయే చిన్న రబ్బరు గొట్టం, వంపు అడుగున నెరిసి ఉంది. ఇరవైమూడేళ్ళ వేడికి, నూనెకు ఏ రబ్బరు ఆగుతుంది? కొత్తది పన్నెండు డాలర్లు.

పిల్లలు విదేశాల్లో ఉన్న పాఠకులకు మనవి: ఆ దీపం నిలకడగా వెలిగితే ముందు పెట్రోలు మూత బిగించుకుని, తరువాత తీరిగ్గా కోడు చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం కారు ఆపెయ్యమనండి. సిలిండర్లలో పెట్రోలు మండకుండా పోతోందన్నమాట. అది పొగను శుద్ధిచేసే ఖరీదైన భాగాన్ని కాల్చేస్తుంది.

గొట్టం మార్చి కోడు చెరిపేశాము. అయినా వెంటనే పరీక్షకు వెళ్ళటానికి లేదు. చెరిపేస్తే కంప్యూటరు తన లోపలి పరీక్షలన్నీ మొదటికి తెచ్చుకుంటుంది. అవి పూర్తి కాకుండా వెళితే తిప్పి పంపేస్తారు. వారంరోజులు ఊళ్ళోనూ పెద్ద రోడ్డుమీదా తిరిగాము. నెలాఖరు రెండు రోజులుందనగా పరీక్ష నెగ్గింది.

ఆ సాయంత్రం అక్కయ్య చెప్పులు వేసుకుని బయటికొచ్చి, ఏమీ మాట్లాడకుండా నేను కూర్చునే సీట్లో కూర్చుంది. బావ పోయాక ఆవిడ ఆ కారెక్కలేదు. వాడు తాళం తిప్పాడు. టేపు తీసేసిన చోట నారింజరంగు దీపం వెలిగింది.

"మళ్ళీ వచ్చిందిరా!" అంది అక్కయ్య గాభరాగా.

"ముందు వెలగాలమ్మా, అప్పుడే బల్బు బతికుందని తెలిసేది" అని వాడు ఇంజను స్టార్టు చేశాడు. దీపం ఆరిపోయింది.

ఉన్నవి రెండే సీట్లు. నేను గుమ్మంలో నుంచుని వాళ్ళు వీధిమలుపు తిరిగేదాకా చూశాను.