రాసినవాడే సాక్షి, వాడే జడ్జి

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో కుర్తాల దుకాణం నడిపే ఓ మిత్రుడికి ఈమధ్య బ్యాంకు లోను ఇవ్వనంది. రంజాన్ సరుకు కోసం అడిగాడాయన. ‘మీ సిబిల్ ఖరాబైంది సాబ్’ అన్నారట. ఎన్నడూ పేరు వినని ఓ వసూళ్ల కంపెనీ ఆయన రిపోర్టులో ఏదో పర్సనల్ లోను బాకీ ఎక్కించి, రైటాఫ్ ముద్ర కొట్టింది. ఆ లోను ఆయన తీసుకోనే లేదు. సిబిల్‌కు ఫిర్యాదు పెడితే నెల తిరక్కుండానే జవాబొచ్చింది: ఎంట్రీ పెట్టిన సంస్థ వివరాలు సరైనవేనని చెప్పింది, కాబట్టి మార్పు లేదు.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. 2005 నాటి చట్టం ప్రకారం అప్పుల రికార్డులు నడిపే క్రెడిట్ కంపెనీలు, అంటే సిబిల్ గానీ, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ గానీ తమంతట తాము ఎంట్రీ దిద్దడానికి లేదు. రాసినవాడు ఒప్పుకోవాలి. దొంగతనం జరిగిందని స్టేషన్‌కెళ్తే, ఎస్సై ఆ దొంగనే పిలిచి ‘నువ్వు తీశావా’ అని అడిగి, లేదనగానే ఫైలు మూసేసినట్టుంది ఈ న్యాయం. సంతకం చేసిన కాగితం చూపించమని వసూళ్ల కంపెనీని అడిగే నాథుడు లేడు. 2002 సర్ఫేసీ చట్టం వచ్చాక బ్యాంకులు మొండి బాకీలను కట్టలు కట్టి అమ్ముకుంటున్నాయి. కొన్నవాడికి బాకీదారుడి ముఖం తెలియదు, ఫోన్ నంబరు మాత్రం తెలుసు.

పాతబస్తీలో ఇంకో చిక్కుంది. ఒకే మనిషి పేరు ఒక కార్డులో ‘ఎండీ’, ఇంకోదాంట్లో ‘మహ్మద్’. పుట్టిన తేదీ తెలియక వయసు మాత్రం చెప్పి ఆధార్ తీసుకున్నవాళ్లంతా జనవరి 1నే పుట్టారు! అలాంటి పేర్లు, తేదీలు పక్కపక్కన పెట్టి కంప్యూటర్ జత కలిపితే ఎవరి బాకీ ఎవరి నెత్తిన పడుతుందో చెప్పాలా? ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉంది, నిజమే. కానీ లోను కోసం వెళ్లి తిరస్కారం తినేదాకా దాన్ని తెరిచి చూసేవాళ్లెందరు?

రిజర్వు బ్యాంకు ఏమీ చేయలేదనను. 2024 ఏప్రిల్ 26 నుంచి, ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. అయితే ఆ వంద ఆలస్యానికి, అబద్ధానికి కాదు. ఇరవయ్యో రోజున ‘అంతా కరెక్టే’ అని అబద్ధం చెప్పేస్తే పైసా కట్టక్కర్లేదు. ఆ తర్వాత మిగిలింది అంబుడ్స్‌మన్. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ కంపెనీలూ ఆయన పరిధిలోకి వచ్చాయి. మా మిత్రుడిచేత అక్కడికీ అర్జీ పెట్టించాను. అది తేలేలోపు రంజాన్ వెళ్లిపోతుంది.

1908 వరద తర్వాత నగరాన్ని తిరిగి కట్టిన రోజుల్లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు లేపిన పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద ఉధారీ లేని వ్యాపారం ఎప్పుడూ లేదు. అక్కడా బాకీలు ఎగ్గొట్టేవాళ్లున్నారు, అక్కడా తప్పుడు లెక్కలుంటాయి. కానీ ఖాతా పుస్తకంలో పద్దు మీద పేచీ వస్తే సేఠ్ పుస్తకం తెరవాలి, చిట్టీ చూపించాలి. చూపించలేకపోతే ఆ పద్దు కొట్టేయాల్సిందే, బజారంతా చూస్తుంటుంది కదా! నేనడిగేదీ అంతే. పేచీ ఉన్న ఎంట్రీని, కాగితం చూపించేదాకా స్కోరు లెక్కలోంచి తీసెయ్యండి. ఇందులో అంత కష్టమేముంది?

లోన్ యాప్‌ల వేధింపులకు 2020 డిసెంబరులో ఇదే నగరంలో ప్రాణాలు పోయాక పోలీసులు కదిలారు, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది. కానీ రిపోర్టులో తప్పుడు పద్దు చప్పుడు చేయదు. అందుకే దానికి కేసుల్లేవు, ప్రెస్‌మీట్లు లేవు.

పోనీ, లోను దగ్గరే ఆగిందా ఈ స్కోరు? బ్యాంకు క్లర్కు ఉద్యోగానికీ అడుగుతున్నారు. ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో సిబిల్ షరతు చూసుకోండి. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు, స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని ఇదే కారణంతో రద్దు చేయడాన్ని సమర్థించింది. చదువుకు అప్పు చేసిన కుర్రాడు ఉద్యోగం లేక కిస్తీ తప్పుతాడు, కిస్తీ తప్పాడని ఉద్యోగం ఇవ్వరు. అతని రిపోర్టులో పడ్డ పద్దు అసలు అతనిదేనా అని నియామక పత్రం చింపేముందు ఎవరైనా చూస్తారా? రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు వచ్చే సమావేశాల్లో ఆర్థిక మంత్రిని ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.